మైకులో ఇంటి మాట

ఇరవై రెండేళ్ళు ఆ బస్టాండులో బస్సుల్ని పిలిచింది అప్పలనరసమ్మ. ఊరి పేరెందుకు లెండి. సముద్రం ఉన్న ఊరు, పెద్ద బస్టాండు, పన్నెండు ప్లాట్‌ఫారాలు. "పాలకొండ మీదుగా పార్వతీపురం వెళ్ళు బస్సు మూడవ ప్లాట్‌ఫారం నందు సిద్ధముగా ఉన్నది" అని మైకులో ఆవిడ అందంటే, బెంచీ మీద కునికిపాట్లు పడే ముసలాయన కూడా కళ్ళు తెరవకుండానే సంచీ కోసం తడుముకునేవాడు. జనానికి ఆ గొంతు అంత అలవాటు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒక్క తప్పు చేసింది. బస్సు కదిలిపోతోంటే కంగారుపడి, "బేగి ఎక్కండర్రా!" అనేసింది మైకులో. అప్పటి మేనేజరు గదిలోకి పిలిచి అందరి ముందూ దులిపేశాడు. ఇది మీ ఊరి సంత కాదు, ఇంటి మాటలు ఇంట్లో పెట్టుకుని రా అన్నాడు. ఆ రోజు నరసమ్మ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడ్చి, మైకు ముందు పుస్తకం మాట తప్ప మరో మాట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు తప్పలేదు. ఇంట్లో మాత్రం అది పెద్ద వేళాకోళం. కూతురు ఝాన్సీ చిన్నప్పుడు, అమ్మ డ్యూటీ నుంచి రాగానే, "ఇప్పుడు నువ్వు మైకమ్మవా, మా అమ్మవా?" అని అడిగేది. "ఓలమ్మీ, రాయే ఇలగ!" అని నరసమ్మ చేతులు చాస్తేగానీ దగ్గరికి వచ్చేది కాదు. ఝాన్సీ అన్న పేరు బడి రిజిస్టరులోనే ఉండేది. పుట్టినప్పటి నుంచీ తల్లి నోట 'అమ్మీ' తప్ప మరో పిలుపు లేదు. ఆ జిల్లాల్లో ఏ తల్లి నోట మాత్రం ఉంది కనక?

ఇలా ఉండగా కమలాకర్ వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళ సైంటిస్టు, మాటలో మంచి మర్యాద. అంతకు ముందు ఏడాది వేరే రాష్ట్రంలో ఒక సంతలో ఎవడో తుపాకీ పేల్చినప్పుడు, గుళ్ళు తగిలి పోయినవాళ్ళకంటే తొక్కిసలాటలో పోయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో కమలాకర్ అన్నగారు ఒకరు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పేవాడు కాదు. నరసమ్మకి మాత్రం ఒకసారి టీ తాగుతూ చెప్పాడు.

అతని ప్రయోగశాలలో పెద్ద హాలు ఉంది. కప్పు నిండా అరచేతి పళ్ళేల్లాంటి స్పీకర్లు. ఒక్కో పళ్ళెం మాటని దారంలా సన్నగా చేసి, కింద ఒక్క తలకే దించుతుంది. పక్కవాడికి వినపడదు. కెమెరాలు తలల్ని చూస్తాయి, మైకులు తుపాకీ ఎటు పేలిందో పట్టుకుంటాయి, ఎవరు ఎటు వెళ్ళాలో మెషీన్ లెక్క కట్టి ఎవరి చెవిలో వారికి చెబుతుంది. నరసమ్మ చూస్తుండగా రెండొందలమంది కాలేజీ పిల్లల్ని ఆ హాల్లో నిలబెట్టి ఉత్తుత్తి తుపాకీ పేల్చారు. ముందు ఎవరిదో కొత్త గొంతు పెట్టారు. పిల్లలు తలలెత్తి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ తర్వాత కదిలారు. రెండోసారి నరసమ్మ గొంతు పెట్టారు. పిల్లలు తలెత్తలేదు, ఎవర్నీ చూడలేదు, నేరుగా కదిలిపోయారు.

"రెండు సెకన్లు మిగిలాయమ్మా," అన్నాడు కమలాకర్, కళ్ళు తడిగా. "మీ గొంతు వింటే జనం ఆలోచించరు. ఊరంతా చిన్నప్పటి నుంచీ మీ మాట విని బస్సెక్కినవాళ్ళే."

నలభై రోజులు చిన్న గదిలో కూర్చోబెట్టి ఆవిడ గొంతు రికార్డు చేశారు. ఎడమకు రండి. వంగి నడవండి. బిడ్డను ఎత్తుకోండి. కదలకండి, తల దించి అలాగే ఉండండి. ఒకసారి అలసటలో "నెగండి" అని నోరు జారింది. కమలాకర్ నవ్వేసి, "ఇది మెషీన్‌కి వద్దమ్మా, 'లేవండి' అనండి" అని ఆ ముక్క తుడిచేశాడు.

"కదలొద్దని ఎందుకు చెప్పాలి బాబూ? అందర్నీ పొమ్మంటే పోలా?" అని అడిగింది నరసమ్మ.

"గేటులోంచి సెకనుకి నలుగురే పడతారు. అందరూ ఒక్కసారి లేస్తే ఒకరి మీద ఒకరు పడి చస్తారు. కొందరు కాసేపు ఆగాలి."

బస్సు దగ్గర క్యూ లాంటిదే కదా అనుకుంది ఆవిడ. అంతకంటే అడగలేదు.

బస్టాండు కప్పు నిండా పళ్ళేలు బిగించారు. రోజువారీ అనౌన్సుమెంట్లు కూడా మెషీనే చెప్పసాగింది. పై అంతస్తు అద్దాల గదిలో నరసమ్మ ఊరికే కూర్చునేది. పాత మైకు బల్ల మీదే ఉండిపోయింది, ప్లాట్‌ఫారాల మీద పాత స్పీకర్లూ ఎవరూ విప్పలేదు. ఆవిడ రోజూ ఆ మైకుని తుడిచి, బొట్టు చెదిరిపోతే మళ్ళీ పెట్టి, తువ్వాలు కప్పేది. ఆయుధపూజకి బస్సులకి పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టడం ఆవిడకి అలవాటు.

ఆ గురువారం పొద్దున్న పది దాటింది. నర్సింగు పరీక్ష ఏదో ఉందని బస్టాండు నిండా ఆడపిల్లలు. నెలకోసారి తనిఖీకి వచ్చే కమలాకర్ తెర ముందు కూర్చుని ఏదో నొక్కుకుంటున్నాడు. నరసమ్మ చదువు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది. ఝాన్సీ కాలేజీకి పోతూ అది ఇచ్చి వెళ్తానని ఫోన్ చేసింది. అద్దంలోంచి చూస్తే ఎర్ర చున్నీ వేసుకుని ఏడో ప్లాట్‌ఫారం మీద జనాన్ని తప్పించుకుంటూ వస్తోంది.

ఠాప్‌మని పేలింది.

టైరు అనుకున్నారు అందరూ. బస్టాండులో అంత చప్పుడుకి మరేం అనుకుంటారు? ఒకడు నవ్వాడు కూడా. మెషీన్ మాత్రం టైరు అనుకోలేదు. రెండో చప్పుడు వచ్చేలోపే కింద జనం కదలడం మొదలుపెట్టారు. ఆ కదలికలో గోల లేదు. వెయ్యిమంది, ఎవరి చెవిలో మాట వారు వింటూ, కొందరు ఎడమకి, కొందరు కుడికి, ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా పడమటి గేటు వైపు పోతున్నారు. తల్లులు బిడ్డల్ని ఎత్తుకున్నారు. అందరి చెవుల్లోనూ నరసమ్మే మాట్లాడుతోంది. అద్దాల గదిలో నరసమ్మ నోట మాత్రం మాట లేదు.

తూర్పు గేటు దగ్గర ఒక మనిషి పడి ఉన్నాడు. ఆ పక్కనుంచి తుపాకీ పట్టుకున్నవాడు నెమ్మదిగా లోపలికి నడుస్తున్నాడు. వాడెవడో, ఎందుకు చేశాడో పేపర్లు తర్వాత బోలెడు రాశాయి. ఆ నిమిషాన వాడు నడిచే దిక్కు ఒక్కటే నరసమ్మకి కనిపించింది. ఏడో ప్లాట్‌ఫారం వైపు వస్తున్నాడు.

"బాబూ, మా అమ్మి అక్కడుంది! ఎందుకు కదలడం లేదు?"

కమలాకర్ తెర మీద వెయ్యి చుక్కలు. కదులుతున్నవి పచ్చగా ఉన్నాయి. ఏడో ప్లాట్‌ఫారం బెంచీల వెనక ఇరవై మూడు చుక్కలు పసుపుగా, కదలకుండా ఉన్నాయి. కింద బెంచీ వెనక ఎర్ర చున్నీ నేలకి అతుక్కుని ఉంది.

"పసుపంటే ఏంటి?"

"ఆగమన్నవాళ్ళు." కమలాకర్ తెర మీద వేలు పెట్టాడు. "గేటు నిండిపోయింది నరసమ్మగారూ. వీళ్ళిప్పుడు లేస్తే గేటు దగ్గర తొక్కిసలాట. రెండొందలమంది..."

"వాడు అటే వస్తున్నాడు కదా! వాడికి మా పిల్లని వదిలేసి వాళ్ళని దాటిస్తున్నావా?"

అతను తెర మీంచి కళ్ళు తిప్పుకున్నాడు.

"మార్చు! బాబూ, నీకు దండం పెడతాను, ఆ ఒక్క చుక్క మార్చు!"

"నా చేతిలో లేదమ్మా. ఒకసారి మొదలయ్యాక ఎవరూ ముట్టుకోలేరు. నేనే తాళం వేశాను." తల పట్టుకున్నాడు. "మన దగ్గర ప్రతిదానికీ సిఫారసే. మా వాణ్ణి ముందు పంపు, మా ఆవిణ్ణి ముందు పంపు అని ఫోన్లు వస్తాయి. అందుకే ఎవరి చెయ్యీ పడకూడదని..."

ఆ మాటల్లో సగం నరసమ్మ చెవికి ఎక్కనే లేదు. వాడు ఏడో ప్లాట్‌ఫారం ఎక్కాడు. బెంచీలకి ఇరవై అడుగులు. ఏం చెయ్యను దేవుడా, నా గొంతే నా పిల్లని అక్కడ కట్టి పడేసిందే అని ఆవిడ గుండె బాదుకుంది. అప్పుడు బల్ల మీద తువ్వాలు కనిపించింది. లాగి పారేసింది. పాత మైకు స్విచ్చి నొక్కింది. ఇరవై రెండేళ్ళ ఒట్టు గుర్తుకే రాలేదు.

"ఓలమ్మీ! నెగు! బేగి పరుగెట్టే అమ్మీ!"

పాత స్పీకర్లు పన్నెండు ప్లాట్‌ఫారాలూ దద్దరిల్లేలా అరిచాయి.

బెంచీల వెనకనుంచి ఆడపిల్లలు లేచారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, పదిమంది. వాళ్ళతోపాటు అరవై దాటిన ఒక ముసలామె కూడా లేచింది. ఆవిడనీ ఒకప్పుడు ఒక తల్లి అలాగే పిలిచి ఉంటుంది. అందరూ మతిపోయినట్టు, పిలిచిన తల్లి ఎక్కడుందో అని తలలు తిప్పుతూ పరుగెత్తారు. వాడు వాళ్ళ వైపు తిరిగి మూడుసార్లు పేల్చాడు. ఆ వెంటనే పార్సిలు ఆఫీసు పక్కనుంచి నలుగురు కానిస్టేబుళ్ళు వాడి వీపు మీద పడి నేలకేసి అదిమారు.

ఎర్ర చున్నీ లేవలేదు. బెంచీ వెనక అలాగే, తల దించుకుని ఉంది.

నరసమ్మ మెట్లు ఎలా దిగిందో ఆవిడకి తెలీదు. ఝాన్సీని ఒళ్ళంతా తడిమి చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. పిల్ల చేతిలో కళ్ళజోడు పెట్టె కూడా అలాగే ఉంది. నాలుగడుగుల దూరంలో నీలం యూనిఫాం వేసుకున్న ఒక పిల్ల బోర్లా పడి ఉంది. చేతిలోంచి హాల్‌టికెట్టు జారిపోయింది. దాని మీద పేరుంది, మాలక్ష్మి అని.

ఇంటికొచ్చాక ఝాన్సీ తల్లి ఒళ్ళో తలపెట్టి చాలాసేపు వణికింది. అన్నం కలిపి నోట్లో పెట్టబోతే వద్దంది.

"అమ్మా, నువ్వే నన్ను కాపాడేవు," అంది చివరికి.

"నేనా?"

"నా చెవిలో చెప్పేవు కదా, కదలకండి, తల దించి అలాగే ఉండండి అని. మెషీనే అని తెలుసు, అయినా నీ గొంతే కదా, నమ్మేను. తర్వాత స్పీకర్లో ఎవరో 'ఓలమ్మీ, నెగు' అని అరిచేరు. లేవాలనిపించింది. కానీ నువ్వు మైకులో ఇంటి మాట ఎప్పుడు మాటాడేవు? ఎవరో పాపం, వాళ్ళ పిల్లని పిలుచుకుంటున్నారు అనుకున్నాను. నువ్వు కదలొద్దన్నావని కదల్లేదు."

నరసమ్మ చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. చెబుదామని నోరు తెరిచింది. పిల్ల మొహం చూసి మూసుకుంది.

వారం తర్వాత కమలాకర్ ఇంటికి వచ్చాడు. వారం రోజుల గడ్డం, నిద్ర లేని కళ్ళు. ఝాన్సీ కాలేజీకి వెళ్ళింది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మొత్తం మళ్ళీ చూశానమ్మా. పోలీసులు వాడి వెనకకి చేరడానికి పదకొండు సెకన్లు పట్టేది. అంతసేపూ ఆ ఇరవై ముగ్గురూ కదలకపోతే వాడు వాళ్ళని చూడకుండా దాటిపోయే అవకాశమే ఎక్కువ. నూటికి ముప్ఫై ఒక్క వంతులు ప్రమాదం ఉంది. ఆ ముప్ఫై ఒకటీ మెషీన్ ఒప్పుకుంది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా?"

"చెబితే ఊరుకునేవారా?"

నరసమ్మ అబద్ధమాడలేదు. "లేదు. ముప్ఫై కాదు, ఒక్కటి అన్నా ఊరుకునేదాన్ని కాదు."

అతను సంచీలోంచి ఒక కాగితం తీశాడు.

"రిపోర్టులో మీ పేరు రాలేదు. గందరగోళంలో ఎవరో పాత మైకు నొక్కి అరిచారని రాశారు. నేను కాదనలేదు." సంతకం కోసం ఖాళీ వదిలిన ఆ కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇంకో సంగతి. ఆ రోజు మీ గొంతే చెవిలో కదలొద్దంటుంటే, ఎదురుగా చావు కనిపిస్తుంటే, ఆ పదకొండుమందీ సెకనులో మూడో వంతులో లేచారు. నా ప్రయోగాల్లో ఏ మాటకీ అంత త్వరగా ఎవరూ కదల్లేదు. ఆ పిలుపు మెషీన్‌కి ఇవ్వండి. ఈసారి సరైన వేళకి, సరైన వైపు పిలుస్తుంది. ఎంతోమంది బతుకుతారు."

"ఒకప్పుడు నెగండి అంటే వద్దని తుడిచేశావు బాబూ."

"తప్పే చేశానమ్మా."

"సరైన వేళకి పిలుస్తుందా? నూటికి ముప్ఫై ఒకటి పోయినా పరవాలేదనుకుని కూడా తల్లి గొంతుతోనే పిలుస్తుందా?"

కమలాకర్ చేతుల్లో మొహం పెట్టుకుని, "మా అన్నయ్యని ఎవరైనా ఒక్క మాట పిలిచి ఉంటే బతికేవాడమ్మా" అన్నాడు. నరసమ్మకి అతని మీద కోపం రాలేదు, జాలేసింది. కానీ సంతకం పెట్టలేదు.

"అడగాల్సిన మనిషి ఒకామె ఉంది. అడిగొస్తాను," అంది.

మర్నాడు తన గొంతు చెప్పిన బస్సే ఎక్కి పాలకొండ అవతల మాలక్ష్మి ఊరు వెళ్ళింది. మాలక్ష్మి తల్లి పారమ్మ పెంకుటింటి అరుగు మీద కూర్చుని ఉంది. నువ్వుచేను కోతకొచ్చినా ఎవరూ వెళ్ళినట్టు లేదు, కొడవలి చూరులోనే ఉంది. బస్టాండు నుంచి వచ్చానని చెబితే పారమ్మ చాప పరిచి మంచినీళ్ళు ఇచ్చింది.

"కూకో అప్పా. నీకు ఎరికేనేటి, నా గుంట ఎలగ పోనాదో?" అని, అక్కని అడిగినట్టు, కూతురి సంగతి తనే మొదలుపెట్టింది. "పక్కనున్న పిల్ల వొచ్చి సెప్పినాది. మెసీను కదలొద్దని సెప్పినాదట, ఇది కదల్లేదట. ఈలోగా ఎవులో తల్లి, ఓలమ్మీ అని పిలిసినాదట. మా అమ్మే, మా అమ్మే అని నెగిసి పరుగెట్టినాదట. నానేమో ఈడ సేన్లో ఉన్నాను. నానెప్పుడు పిలిసేను అప్పా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవులో ఆ తల్లి. ఆల పిల్లయినా బతికినాదా? బతికితే అదే సాలు."

నరసమ్మ దారంతా మాటలు కూర్చుకునే వచ్చింది. "ఆ రోజు జరిగిన పొరపాటునకు..." అని మొదలుపెట్టింది. ఆ మాటలు అచ్చం బస్సు ఆలస్యమైనప్పుడు చెప్పే మాటల్లా వినిపించి ఆవిడకే అసహ్యం వేసింది. ఆపేసింది. పారమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఆల పిల్ల బతికినాది. నా పిల్లే. నానే పిలిసేను పారమ్మా. నా అమ్మిని పిలిసేను, నీ అమ్మి నెగిసినాది."

పారమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. కొడుతుందేమో అనుకుంది నరసమ్మ, కొడితే బాగుణ్ణు అని కూడా అనుకుంది. పారమ్మ కొట్టలేదు. నరసమ్మ కళ్ళల్లోకి చూసింది. ఎదురింటి కోడి అరుగెక్కి దిగిపోయింది. నరసమ్మ సంచీలోంచి కాగితం తీసి, ఆ పిలుపు మెషీన్‌కి కావాలంటున్నారనీ, ఇస్తే ఇంకెందరో బతుకుతారంటున్నారనీ, నువ్వు ఊ అంటేనే ఇస్తాననీ చెప్పింది.

"ఎలగ పిలిసేవు?" అంది పారమ్మ.

"ఏటి?"

"నా గుంట ఆకర్న ఇన్న మాట నాను ఇనాలి. ఎలగ పిలిసేవో అలగే పిలు."

"నా వల్ల కాదు పారమ్మా."

"పిలు!"

నరసమ్మ లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. ఎర్ర చున్నీ, బెంచీ, ఇరవై అడుగులు కళ్ళ ముందుకు వచ్చాయి.

"ఓలమ్మీ! నెగు! బేగి పరుగెట్టే అమ్మీ!"

వీధి అంతా వినిపించింది. ఎదురింట్లోంచి బియ్యం ఏరుతున్న పిల్ల చేటతో సహా గుమ్మంలోకి వచ్చింది. పక్కింట్లోంచి తడి జుట్టుతో ఒకమ్మాయి, ఆ పై ఇంట్లోంచి పలక పట్టుకున్న చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చారు. వీధి చివర చంటిదాన్ని చంకనేసుకున్న బాలింత కూడా, "ఏటమ్మా?" అంటూ బయటికొచ్చింది.

పారమ్మ వాళ్ళనందరినీ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తన గుమ్మం వైపు చూసింది. అలా చూస్తూనే ఉంది. ఆ ఇంట్లోంచి ఎవరూ రాలేదు.

"మిమ్మల్ని కాదమ్మా. ఎల్లండి లోపలికి," అంది వీధిలో పిల్లలతో.

వాళ్ళు వెళ్ళిపోయారు. పారమ్మ నరసమ్మ చేతిలోంచి ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"ఈ మాట ఆలకి ఇయ్యకు అప్పా," అంది. "ఇలగ పిలిస్తే ఏ పిల్లయినా వొచ్చీస్తాది."